నా అనుభవం: లీజుకు తీసుకున్న బీట్ మీద మొదటి ర్యాప్ పాట విడుదల చేస్తే ఏమేం జరుగుతుంది

పాట రాసి రికార్డ్ చేసేదాకా బండి సాఫీగానే నడిచింది. అసలు తిప్పలన్నీ ఆ తర్వాతే. ఇంట్లో కూర్చుని సొంతంగా ఒక ర్యాప్ పాట చేసి స్పాటిఫైలో, యూట్యూబ్‌లో పెట్టాలనుకునేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఏ మైకు కొనాలి, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి అని చెప్పే వీడియోలు బోలెడున్నాయి. పాట అప్‌లోడ్ చేశాక ఎన్ని వారాలు ఎదురుచూడాలో, ముక్కూమొహం తెలియనివాడెవడో వచ్చి "ఈ పాట నాది" అంటే ఏం చేయాలో చెప్పినవాళ్లు మాత్రం నాకు దొరకలేదు.

2025 జనవరిలో బీట్, అంటే ర్యాప్ వెనక నడిచే సంగీతం, వెతకడం మొదలుపెట్టాను. నాకు వాయిద్యాలేవీ రావు. కాబట్టి ఇంట్లో కూర్చుని ర్యాప్ చేసేవాళ్లంతా చేసేదే నేనూ చేశాను. యూట్యూబ్‌లో "టైప్ బీట్" అని కొట్టి గంటల తరబడి వినడం. పేరున్న ర్యాపర్ల శైలిలో బీట్లు కట్టి, వాళ్ల పేరు పక్కన టైప్ బీట్ అని తగిలించి పెట్టే ప్రొడ్యూసర్లకు లెక్కేలేదు. రాత్రిపూట నచ్చిన బీట్ పొద్దున లేచి వింటే నచ్చదు. రెండు వారాల పైనే ఇలా పోయాయి. చివరికి ఒకటి దొరికింది. నిమిషానికి 90 దెబ్బల వేగం, వెనక పియానో, స్నేర్ అనే డ్రమ్ము ఒక్క పిసరు ఆలస్యంగా పడుతుంది. పొద్దున విన్నా నచ్చింది.

వీడియో పేరులో "ఫ్రీ" అని ఉంది. ఆ మాట చూసి ఆశపడకండి. డబ్బు రాని పనులకు మాత్రమే ఫ్రీ అని కింద వివరాల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. స్పాటిఫైలో పెట్టారంటే అది డబ్బు వచ్చే పని కిందే లెక్క, మీకు పైసా రాకపోయినా సరే. కాబట్టి లీజు, అంటే బీట్ వాడుకునే అనుమతి, కొనాలి. లీజుల్లోనూ మెట్లున్నాయి. అన్నిటికంటే కింద ఎంపీ3, దాని పైన వేవ్ ఫైలు, ఆపైన డ్రమ్స్, పియానో, బేస్ అన్నీ విడివిడిగా ఇచ్చే స్టెమ్స్ లీజు, అన్నిటికంటే పైన, బీట్ మనకొక్కరికే ఇచ్చే ఎక్స్‌క్లూజివ్. నేను తీసుకున్న వేవ్ లీజు మైకు స్టాండు ఖరీదు కంటే తక్కువకే వచ్చింది. అదే బీట్ ఎక్స్‌క్లూజివ్‌గా కావాలంటే మైకు, ఆడియో ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్లు మూడూ కలిపినా ఆ ధర రాదు. అంత తేడా ఎందుకంటే, ఎక్స్‌క్లూజివ్ కాని లీజు ఎంతమందికైనా అమ్ముకోవచ్చు. మీరు నెలల తరబడి రాసుకున్న బీట్ మీద అదే వారం ఇంకెవరో కూడా పాట విడుదల చేయొచ్చు. ఇది మోసం కాదు, ఒప్పందంలోనే ఉంటుంది.

ఆ ఒప్పందం పీడీఎఫ్ రూపంలో మెయిల్‌కు వచ్చింది. దాన్ని చదవడానికి ఒక సాయంత్రం కేటాయించాను, ఆ సాయంత్రం తర్వాత నన్ను కాపాడింది. ముఖ్యమైన సంగతులు ఇవి: పాట ఇన్ని స్ట్రీమ్స్ (ఆన్‌లైన్‌లో విన్న సార్లు) దాటితే లీజు పెంచుకోవాలి. ఇన్నేళ్లకు గడువు ముగుస్తుంది. ప్రొడ్యూసర్ పేరు తప్పక వేయాలి. పాట రచన, స్వర రచన హక్కుల్లో సగం వాటా ప్రొడ్యూసర్‌ది. ఇక కంటెంట్ ఐడీలో ఈ పాటను నమోదు చేయకూడదు. కంటెంట్ ఐడీ అంటే యూట్యూబ్ 2007లో తెచ్చిన పద్ధతి. మీ ఆడియోను నమూనాగా ఇస్తే, అది ఎవరి వీడియోలో వినబడినా యంత్రమే పట్టుకుని మీ పేరు మీద క్లెయిమ్, అంటే ఇది వీళ్లదన్న దావా, వేస్తుంది. ఒకే బీట్‌ను పదిమంది లీజుకు తీసుకున్నప్పుడు అందులో ఒకడు నమోదు చేశాడంటే మిగతా తొమ్మిదిమంది పాటలూ దొంగ పాటలైపోతాయి. అందుకే ఆ నిషేధం. యూట్యూబ్ నియమాలు కూడా అదే చెబుతాయి, పూర్తి హక్కులున్న ఆడియోనే నమూనాగా ఇవ్వాలని.

ఫిబ్రవరి అంతా రాయడమే. 90 వేగంలో 16 బార్లంటే, ఒక్కో బార్‌కు నాలుగు దెబ్బల లెక్కన, దాదాపు 43 సెకన్లు. ఇంతేనా అనిపిస్తుంది. ఆ 43 సెకన్లు నింపడానికి నాకు మూడు వారాలు పట్టింది. తెలుగులో రాసేవాళ్లకు ఇంకో తలనొప్పి ఉంది. మన వాక్యం క్రియతో ముగుస్తుంది. "చూస్తున్నాను, మోస్తున్నాను, రాస్తున్నాను" అంటూ పోతే ప్రతి లైనూ ప్రాస కలిసినట్టే ఉంటుంది, కానీ అందులో కష్టమూ లేదు, కిక్కూ లేదు. వినేవాడికి తర్వాతి మాట ముందే తెలిసిపోతుంది. నేను చేసిందల్లా క్రియను లైను మధ్యలోకి లాగి, చివర నామవాచకం పెట్టడం. రెండోది, పద్యాల్లో లాగా రెండో అక్షరం మీద ప్రాస కట్టడం. పద్యంలో ప్రాస పాదం మొదట్లో ఉంటుంది కదా, అది స్నేర్ మీద పడేలా చూసుకుంటే ర్యాప్‌కు భలే అతుకుతుంది. స్కూల్లో ఛందస్సు బట్టీ కొట్టించినప్పుడు ఇది దేనికి పనికొస్తుందా అనుకునేవాణ్ణి.

హుక్, అంటే పాటలో మళ్లీ మళ్లీ వచ్చే లైను, మాత్రం ఒక్క రాత్రిలో వచ్చింది. "ఇంకొంచెం ఆగు అంటే ఇన్నేళ్లూ ఆగాను" అని. పాట పేరు కూడా అదే పెట్టాను, "ఇంకొంచెం ఆగు". ఉద్యోగం, ప్రేమ, గుర్తింపు, ఇలా అన్నిటి దగ్గరా ఆగమన్న వాళ్ల గురించి పాట. చాలా సీరియస్‌గా రాశాను. ఆ లైను పాడుతుంటే నాకే గొంతు పూడుకుపోయేది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

మార్చిలో రికార్డింగ్. స్టూడియో అద్దె గంటల లెక్కన ఉంటుంది, కొత్తవాడికి గంటలో సగం భయం పోవడానికే సరిపోతుంది. అందుకని ఇంట్లోనే. గదిలో గోడల నుంచి వచ్చే ప్రతిధ్వని మైకులో పడితే తర్వాత తీయడం చాలా కష్టం. బట్టల బీరువా తలుపులు రెండూ తెరిచి, అందులోకి మొహం పెట్టి, వెనక దుప్పటి వేలాడదీసి పాడాను. ఫ్యాన్ ఆపాలి. ఫ్రిజ్ కూడా ఆపాలని మొదటి టేక్ విన్నాకే తెలిసింది, మనం ఎప్పుడూ పట్టించుకోని ఆ గుయ్ మనే శబ్దం మైకుకు బాగా వినిపిస్తుంది. అర్ధరాత్రి దాటాక మొదలుపెట్టేవాణ్ణి. అక్క ఒకసారి మంచినీళ్లకు లేచి వచ్చి, నన్ను చూసి, "ఒరేయ్, బీరువాతో గొడవేంట్రా నీకు?" అంది. ఆ మాట కూడా రికార్డయింది. తీసేయబుద్ధి కాక పాట మొదట్లో ఉంచేశాను.

రికార్డింగ్‌లో ఎవరూ చెప్పని సంగతులు కొన్ని. "ప", "భ" లాంటి అక్షరాలు పలికినప్పుడు గాలి మైకును తన్నుతుంది, మైకు ముందు పాప్ ఫిల్టర్ అనే తెర ఉన్నా సరే. మైకుకు ఎదురుగా కాకుండా కాస్త పక్కకు తిరిగి పాడితే తగ్గుతుంది. హెడ్‌ఫోన్లలో నా గొంతు నాకే ఆలస్యంగా వినిపించి తాళం తప్పించేది. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో బఫర్ సైజు అనే సెట్టింగు తగ్గిస్తే సరిపోయింది. రాసుకునేటప్పుడు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఆలోచించం కదా, పాడేటప్పుడు తెలుస్తుంది, మూడో బార్ చివరికి ఊపిరి అయిపోతుంది. రెండు చోట్ల మంచి మాటలు కొట్టేసి ఊపిరికి చోటిచ్చాను. అన్నిటికంటే కష్టం మాత్రం మన గొంతు మనం వినడం. మొదటి వారం వింటుంటే ఇది ఎవరి గొంతురా బాబూ అనిపించింది. రెండో వారానికి అలవాటైంది. నచ్చిందని చెప్పను, అలవాటైంది.

ఏప్రిల్‌లో మిక్సింగ్, అంటే గొంతునూ బీట్‌నూ సరిగ్గా కలపడం. మొదట నేనే కుస్తీ పట్టాను. ఫోన్‌లో వింటే గొంతు ముందుకొచ్చి బీట్ మాయమయ్యేది, కారులో వింటే గొంతు బీట్ కింద మునిగిపోయేది. వదిలేసి, ఆన్‌లైన్‌లో పరిచయమైన ఒక మిక్సింగ్ ఇంజనీర్‌కు ఇచ్చాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "స్టెమ్స్ ఉన్నాయా తమ్ముడూ?" లేవు, నా దగ్గరుంది ఒకే వేవ్ ఫైలు. అందులో పియానో గొంతుకు అడ్డమొస్తే పియానోను మాత్రం తగ్గించడం కుదరదు. లీజును స్టెమ్స్‌కు పెంచుకున్నాను. తేడా డబ్బు కడితే ప్రొడ్యూసర్ అదే రోజు ఫైళ్లు పంపాడు. మిక్సింగ్, దాని తర్వాత తుది మెరుగులు దిద్దే మాస్టరింగ్ కలిపి ఆయనకిచ్చిన డబ్బు పాట మొత్తం మీద నా అతి పెద్ద ఖర్చు, మైకు కంటే ఎక్కువ. ఇచ్చినందుకు బాధ లేదు.

మొదటి మిక్స్ రావడానికి పది రోజులు పట్టింది. రెండుసార్లు మార్పులు ఉచితం, మూడోసారి నుంచి అదనం. ఈ నిబంధన మంచిదే, లేకపోతే నాలాంటివాడు "హుక్‌లో గొంతు కొంచెం పెంచండన్నా" అని ఏడాదంతా అడుగుతూనే ఉంటాడు. ఇంకో సంగతి. మన పాట మిగతా పాటలకంటే చిన్నగా వినిపిస్తోందని కంగారుపడి సౌండు పెంచమంటాం. స్పాటిఫై అన్ని పాటలనూ దాదాపు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (సౌండు ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) స్థాయికి సర్ది వినిపిస్తుంది. మీరు ఎంత గట్టిగా ఇచ్చినా అక్కడ తగ్గించేస్తారు, మధ్యలో డ్రమ్స్‌లో ఉన్న దెబ్బ పోతుంది అంతే. ఆయన ఇది ఓపిగ్గా చెప్పాడు, నేను నమ్మకుండా రెండు రకాలూ చేయించుకుని విన్నాను. ఆయన చెప్పిందే నిజం.

మే నెలలో డిస్ట్రిబ్యూటర్ దగ్గరికి. మనంతట మనం నేరుగా స్పాటిఫైలో పాట పెట్టలేం, మధ్యలో పాటను యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ ఉండాలి. కొందరు ఏడాది చందా తీసుకుంటారు, కొందరు పాటకు ఒకసారి. ఏడాది చందా కట్టడం ఆపితే పాటలు తీసేస్తారా అన్నది ముందే చూసుకోండి. కొన్నిచోట్ల తీసేస్తారు, ఉంచాలంటే అదనంగా కట్టాలి. పాట రికార్డింగ్‌ను గుర్తుపట్టే 12 అక్షరాల ఐఎస్ఆర్‌సీ కోడ్ వాళ్లే ఇస్తారు. రేపు డిస్ట్రిబ్యూటర్ మారినా ఆ కోడ్ అదే ఉంచితే పాత స్ట్రీమ్స్ లెక్క పోకుండా ఉంటుంది. కాబట్టి ఎక్కడైనా రాసి పెట్టుకోండి.

నా కవర్ బొమ్మను తిప్పి పంపారు. 3000 పిక్సెళ్ల చదరం కావాలన్నారు, అది ఉంది. కానీ కింద మూలలో నా ఇన్‌స్టాగ్రామ్ పేరు ఉంది. సోషల్ మీడియా పేర్లు, వెబ్ లింకులు, కంపెనీల గుర్తులు కవర్ మీద ఉండకూడదట. అది తీసి మళ్లీ పంపితే, కవర్ మీద పాట పేరు తెలుగు లిపిలో, ఫారంలో ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంది కాబట్టి రెండూ కలవలేదని మళ్లీ ఆపారు. ఇక్కడ కాసేపు ఆలోచించాను. పేరు తెలుగు లిపిలో ఉంటే చూడ్డానికి బాగుంటుంది, కానీ వెతికేవాళ్లలో ఎక్కువమంది ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొడతారు, అదీ తలో స్పెల్లింగ్‌తో. చివరికి పాట పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టి, కవర్ మార్పించాను. మనసు ఒప్పుకోలేదు. ఈ సవరణలు, మళ్లీ పరిశీలన, మళ్లీ మెయిలు, మొత్తం మూడు వారాలు తిన్నాయి. మా స్నేహితుడొకడికి "ఇంకా రివ్యూలోనే ఉందిరా" అని మెసేజ్ పెడితే, నా హుక్ లైనే నాకు తిరిగి పంపాడు.

విడుదల తేదీ 2025 జూన్ 20, శుక్రవారం. 2015 నుంచి ప్రపంచమంతా కొత్త పాటలకు శుక్రవారమే. పెద్దవాళ్లంతా అదే రోజు వస్తారు కదా, మనం మంగళవారం వస్తే మేలు కదా అని నాకూ అనిపించింది. కానీ స్పాటిఫైలో మనల్ని ఫాలో అయ్యేవాళ్లకు కొత్త పాటల జాబితా వచ్చేది శుక్రవారమే. దాంట్లో ఖాయంగా పడాలంటే కనీసం 7 రోజుల ముందు, స్పాటిఫై కళాకారులకిచ్చే ఆర్టిస్ట్ యాప్‌లోంచి పాటను పంపాలి. విడుదలైపోయాక పంపడం కుదరదు. అందుకే తేదీ పెట్టుకునేటప్పుడు నెల రోజుల ఖాళీ ఉంచుకోమంటున్నాను. కవర్ గొడవల వల్ల నాకు మిగిలింది పది రోజుల లోపే.

ఆ రోజు అర్ధరాత్రి మేలుకుని చూశాను. స్పాటిఫైలో ఉంది. ఇంకో యాప్‌లో లేదు. వెతగ్గా వెతగ్గా దొరికింది, నా పేజీలో కాదు, నా పేరే పెట్టుకున్న ఇంకో కళాకారుడి పేజీలో. ఆయన ఏదో దేశంలో ధ్యానానికి పనికొచ్చే వేణువు పాటలు చేస్తాడు. ప్రశాంతమైన కొండలు, జలపాతాల బొమ్మల మధ్య నేను బీరువాలోంచి అరుస్తున్న పాట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. డిస్ట్రిబ్యూటర్‌కు రాస్తే సరిచేయడానికి దాదాపు రెండు వారాలు పట్టింది. మీ పేరు మామూలు పేరైతే, అప్‌లోడ్ చేసేటప్పుడే "కొత్త కళాకారుడు" అనే ఆప్షన్ ఉందేమో చూసుకోండి. నేను అది ఎంచుకున్నా ఒక యాప్‌లో ఇలా జరిగింది.

మొదటి వారం విన్నవాళ్లంతా తెలిసినవాళ్లే. అక్క లూప్‌లో పెట్టింది, తన డైలాగు కోసం. ఆ తర్వాత గ్రాఫ్ నేలను తాకింది. దిగులు పడ్డాను, అబద్ధం ఎందుకు. సరిగ్గా ఆ టైంలోనే మెసేజ్‌లు మొదలయ్యాయి, "మీ పాట అద్భుతం, మా ప్లేలిస్టులో పెడితే ఇన్ని వేల స్ట్రీమ్స్ గ్యారంటీ" అని. గ్యారంటీ అన్న మాట కనబడగానే బ్లాక్ చేయండి. ఆ వినేవాళ్లు మనుషులు కాదు, బాట్లు, అంటే మనుషుల్లా నటించే ప్రోగ్రాములు. పట్టుబడితే స్ట్రీమ్స్ కొట్టేస్తారు. మితిమీరితే 2024 నుంచి స్పాటిఫై డిస్ట్రిబ్యూటర్‌కు జరిమానా కూడా వేస్తోంది, వాళ్లు ఆ భారం మన మీద వేయొచ్చు, పాటే తీసేయొచ్చు.

జులై మధ్యలో జరిగింది నేను ఊహించనిది. ఎవరో నా హుక్‌ను, ఆ గొంతు పూడుకుపోయే లైనునే, ఒక వీడియోకు తగిలించారు. వీడియోలో ఏముందంటే, 99 శాతం దగ్గర ఆగిపోయిన డౌన్‌లోడ్. అంతే. "ఇంకొంచెం ఆగు అంటే ఇన్నేళ్లూ ఆగాను" అని నా గొంతు, ఆ గిర్రున తిరిగే గుండ్రం. నాలుగు రోజుల్లో అది మీమ్ అయిపోయింది. మూసిన తలుపు ముందు కూర్చున్న పిల్లి, రాని ఓటీపీ, "టైపింగ్" అని చూపించి ఆగిపోయిన చాట్, చివరికి గొంతును ఉడుత గొంతులా చేసిన స్పీడ్ వెర్షన్.

మొదటి రోజు ఒళ్లు మండింది. నా బాధను పట్టుకుని పిల్లి వీడియోలా అని. రెండో రోజు పిల్లి వీడియో నేనే పదిమందికి పంపాను. నిజం చెప్పాలంటే ఆ పిల్లి మొహంలో ఉన్న భావం నా పాటలో నేను పలికించలేకపోయాను. కామెంట్లలో ఒకరు "పూర్తి పాట వినండి, నవ్వు రాదు" అని రాశారు. ఆ ఒక్క కామెంటు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.

ఇక్కడ ఒక ఆచరణాత్మకమైన దెబ్బ. మీమ్ చేసినవాళ్లు ఎవరూ నా అధికారిక ఆడియో వాడలేదు. మొదటి వ్యక్తి పాటను ఎక్కడినుంచో రికార్డ్ చేసి పెట్టాడు, అది అతని "ఒరిజినల్ ఆడియో"గా నమోదైంది, మిగతావాళ్లంతా అక్కడినుంచే తీసుకున్నారు. అంటే వేలమంది విన్న నా గొంతు మీద ఇంకొకరి ఖాతా పేరు. అతనికి మెసేజ్ పెట్టాను. పాపం మంచివాడే, వివరాల్లో నా పేరు, పాట పేరు చేర్చాడు. దానివల్లే స్పాటిఫైలో గ్రాఫ్ మళ్లీ లేచింది. పాటతో పాటే హుక్ ముక్కను మీరే చిన్న వీడియోగా, అధికారిక ఆడియోతో, ముందే పెట్టుకుంటే ఈ తలనొప్పి తగ్గుతుంది.

ఆగస్టు మొదటి వారంలో మెయిలు వచ్చింది. యూట్యూబ్‌లో నా లిరిక్ వీడియో మీద కాపీరైట్ క్లెయిమ్. గుండె ఝల్లుమంది. తెరిచి చూస్తే, ఎవరిదో వేరే భాషలో ఒక పాట, నా వీడియోలో ఆ పాట ఉందట. వెళ్లి విన్నాను. అదే బీట్. అదే పియానో, అదే ఆలస్యపు స్నేర్. మీద అతను తన కారు గురించి, జిమ్ గురించి పాడుతున్నాడు. నాకంటే నెల తర్వాత విడుదల చేశాడు, నేను చేయకుండా ఆగిన పని, కంటెంట్ ఐడీ నమోదు, చేసేశాడు. యంత్రం పాత వీడియోలను కూడా వెతుకుతుంది కాబట్టి నా వీడియో దొరికింది. కావాలని చేశాడని నేను అనుకోను. చాలా డిస్ట్రిబ్యూటర్ల ఫారంలో అదొక టిక్ పెట్టే గడి, లైసెన్సు చదవనివాడు పెట్టేస్తాడు. కానీ నా పాట కింద ఇంకొకడి పాట పేరు కనబడుతుంటే ఈ న్యాయమైన ఆలోచనలన్నీ రావు, చెయ్యి దురద పెడుతుంది.

తెలుసుకోవాల్సింది: క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. క్లెయిమ్ వస్తే చాలాసార్లు వీడియో అలాగే ఉంటుంది, ప్రకటనల డబ్బు అవతలివాళ్లకు పోతుంది, ఛానెల్‌కు మచ్చ పడదు. స్ట్రైక్, అంటే కాపీరైట్ తప్పు చేశారని ఛానెల్ మీద వేసే హెచ్చరిక, పడితేనే ప్రమాదం, 90 రోజుల్లో మూడు పడితే ఛానెల్ పోతుంది. నాకు ఇది ఆ రాత్రి తెలియదు. తెల్లారేదాకా కాపీరైట్ కేసులు చదువుతూ కూర్చున్నాను. 1991లో న్యూయార్క్‌లో ఒక శాంపిల్ (పాత పాటలోంచి ముక్క తీసి వాడుకోవడం) కేసులో జడ్జి తీర్పును "దొంగిలించరాదు" అన్న బైబిల్ ఆజ్ఞతో మొదలుపెట్టాడని చదివాక, మా ప్రొడ్యూసర్ ఆ పియానోను ఏ పాత రికార్డులోంచి లేపాడో అని కొత్త భయం పట్టుకుంది. అతనికి రాస్తే పొద్దునకల్లా జవాబు వచ్చింది. పియానో తనే వాయించాడట, రుజువుగా ప్రాజెక్టు ఫైలు స్క్రీన్‌షాట్ పంపాడు. ఆ ర్యాపర్ మీద ఇంకా ఇద్దరు ఫిర్యాదు చేశారట. "అతనికి నేను రాస్తాను, నువ్వు డిస్ప్యూట్ వెయ్యి" అన్నాడు. క్లెయిమ్ తప్పని యూట్యూబ్‌కు అభ్యంతరం చెప్పడమే డిస్ప్యూట్.

డిస్ప్యూట్ ఫారం నింపడానికి అరగంట పట్టదు. కారణం దగ్గర "లైసెన్సు ఉంది" అన్నది ఎంచుకున్నాను. వివరం దగ్గర కోపం చూపించకుండా, బీట్ పేరు, ప్రొడ్యూసర్ పేరు, లీజు తేదీ, ఒప్పందంలో కంటెంట్ ఐడీ నమోదు కూడదన్న నిబంధన సంఖ్య రాశాను. కింద పూర్తి పేరుతో సంతకం టైపు చేయాలి. చేస్తుంటే వేళ్లు వణికాయి, కోర్టు కాగితం లాగా ఉంటుంది ఆ భాష. అవతలివాళ్లకు 30 రోజుల గడువు. ఆ లోపు వాళ్లు వదులుకోవచ్చు, కాదని క్లెయిమ్ నిలబెట్టుకోవచ్చు, వీడియో తీసేయమని అడగొచ్చు, ఏమీ చేయకపోతే క్లెయిమ్ దానంతటదే పోతుంది. కాదంటే మనం అప్పీలు చేయొచ్చు, దానికి వాళ్లకు గడువు 7 రోజులే. మీది డబ్బు వచ్చే ఛానెల్ అయితే క్లెయిమ్ వచ్చిన 5 రోజుల్లోపే డిస్ప్యూట్ వేయండి, మొదటి రోజు నుంచి వచ్చే డబ్బు తేలేదాకా పక్కన పెడతారు.

ఆ నెల ఎలా గడిచిందో అడగకండి. రోజూ పొద్దున లేవగానే ఆ పేజీ చూడడం, "పరిశీలనలో ఉంది" అని చదవడం. కొత్త పాట రాయబుద్ధి కాలేదు. రాసినా మళ్లీ ఇంకెవడో వస్తాడన్న టెన్షన్. మా స్నేహితుడు ఆ పేజీ స్క్రీన్‌షాట్ మీద నా హుక్ పెట్టి మీమ్ చేశాడు, అది నా మీమ్‌లన్నిటిలో గొప్పది, బయట పెట్టనివ్వలేదు.

సెప్టెంబర్ మొదట్లో క్లెయిమ్ పోయింది. అవతలినుంచి ఒక్క మాట లేదు. క్షమాపణ లేదు, వాదన లేదు. గడువు ముగిసింది, వదిలేశారు, అంతే. గెలిచానన్న సంతోషం కూడా సరిగ్గా రాలేదు, ఎవరి మీద గెలిచానో తెలియదు కదా. ప్రొడ్యూసర్ చెప్పిన దాన్నిబట్టి అతని డిస్ట్రిబ్యూటర్ ఆ నమోదును తీసేసింది. లైసెన్సు పీడీఎఫ్, కొన్న రసీదు, ప్రొడ్యూసర్ మెయిలు ఇప్పుడు ఒకే ఫోల్డర్‌లో ఉన్నాయి, రెండు చోట్ల బ్యాకప్ కూడా.

డబ్బు సంగతి. స్ట్రీమ్ లెక్కలోకి రావాలంటే కనీసం 30 సెకన్లు వినాలి. నా పాటలో అక్క డైలాగు, పియానో దాటి గొంతు మొదలయ్యేసరికే 18 సెకన్లు. మీమ్ చూసి వచ్చినవాళ్లలో చాలామంది హుక్ కోసం ముందుకు జరిపేస్తున్నారని నా అనుమానం. స్పాటిఫైలో 2024 నుంచి గడిచిన 12 నెలల్లో 1000 స్ట్రీమ్స్ రాని పాటకు రికార్డింగ్ వాటా కింద ఏమీ రాదు. మీమ్ పుణ్యమా అని ఆ గీత దాటాను. జూన్, జులై లెక్కలు సెప్టెంబర్ చివర్లో వచ్చాయి, రెండు మూడు నెలల ఆలస్యం మామూలేనట. వచ్చిన మొత్తం పాప్ ఫిల్టర్ ధరలో సగం. డిస్ట్రిబ్యూటర్ దగ్గర కనీస మొత్తం దాటితేనే తీసుకోనిస్తారు కాబట్టి అదీ ఇంకా అక్కడే ఉంది.

రెండో పాట అక్టోబర్‌లో మొదలుపెట్టాను. ఈసారి అదే ప్రొడ్యూసర్‌తో ఎక్స్‌క్లూజివ్ బీట్ చేయించుకుంటున్నాను. సగం డబ్బు ముందు, సగం ఫైళ్లు అందాక. మొదటి పాట గొడవలో తోడున్నందుకు కాస్త తగ్గించాడు, అయినా మిక్సింగ్ ఖర్చును మించిపోయింది. కంటెంట్ ఐడీలో ఎవరు నమోదు చేయాలి, మీమ్‌ల నుంచి వచ్చే దాంట్లో ఎవరి వాటా ఎంత అన్నవి కూడా ఒప్పందంలో రాయించాను. ముసాయిదా మొన్న వచ్చింది. తొమ్మిది పేజీలు. నాలుగో పేజీలో "శాశ్వతంగా, విశ్వమంతటా" అన్న చోట ఆగి, అతనికి ఒక ప్రశ్న పంపాను, జవాబు ఇంకా రాలేదు.